ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు పగిలి చేతికొస్తే డబ్బు రాబట్టుకోవడం ఎలా?

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు విరిగో పగిలో చేతికొచ్చినప్పుడు కొందరు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గట్టిగా తగువు పెట్టుకుంటారు. ఇంకొందరు ‘పోనీలే, మన ఖర్మ’ అనుకుని దాన్ని అటక మీద పడేస్తారు. మొదటివారి మాట గాలికి పోతుంది, రెండోవారి డబ్బు నీళ్లపాలవుతుంది. మన దేశంలో చట్టం ఈ విషయంలో కొనుగోలుదారు పక్షాన స్పష్టంగానే నిలబడింది. అయితే అది మీకు అక్కరకు రావాలంటే రెండు కావాలి: వస్తువు ఏ స్థితిలో వచ్చిందో చూపే ఆధారం, మీరు ఎప్పుడు ఏమి అడిగారో చెప్పే రాత. ఈ రెండింటికీ మొదటి రోజే పునాది వేసుకోవాలి. ఎలాగో వరుసగా చూద్దాం.

తలుపు దగ్గర

పార్శిల్ చేతిలోకి తీసుకోగానే అట్టపెట్టెను అన్ని వైపులా తిప్పి చూడండి. మూల చితికిందా? అడుగున తడి మరక ఉందా? కంపెనీ టేపు మీద ఇంకో టేపు అతికించి ఉందా? కదిపితే లోపల గలగలమంటోందా? ఇలాంటిదేదైనా కనిపిస్తే డెలివరీ చేసే వ్యక్తి అక్కడ ఉండగానే రెండు ఫొటోలు తీయండి. పెట్టె మరీ నుజ్జయి ఉంటే తీసుకోనని చెప్పేయవచ్చు. అలా చెప్పినప్పుడు పార్శిల్ పాడైనందువల్లే నిరాకరించారని నమోదు అయ్యేలా చూసుకోండి. లేకపోతే ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని రాసుకుని వెళ్లిపోయే అవకాశం ఉంది.

ఓటీపీ అడిగే పార్శిళ్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. అంకెలు చెప్పేశారంటే కంపెనీ రికార్డుల్లో వస్తువు మీకు అందినట్టే. పెట్టెను చూశాకే చెప్పండి. ఫోన్లు, టీవీల వంటి ఖరీదైన వాటికి ‘ఓపెన్ బాక్స్ డెలివరీ’ సౌకర్యం ఉంటే తప్పకుండా ఎంచుకోండి. అందులో పెట్టెను మీ ఎదుటే విప్పి చూపిస్తారు, మీరు సరేనన్నాకే ఓటీపీ తీసుకుంటారు. ఏది ఎలా ఉన్నా, తెచ్చిన మనిషి మీద మాత్రం విసుక్కోకండి. లోపల ఏముందో ఆయనకు తెలియదు, డబ్బు వెనక్కి ఇచ్చే అధికారం ఆయనకు లేదు.

సంతకం పెట్టి తీసేసుకున్నాం కదా, ఇక అడిగే హక్కు పోయిందేమో అని చాలామంది భయపడతారు. పోదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 41వ సెక్షన్ ఈ సంగతి తేల్చింది. ముందుగా చూడని వస్తువును పరిశీలించుకోవడానికి తగిన అవకాశం దొరికేదాకా కొనుగోలుదారు దాన్ని ఆమోదించినట్టు కాదు. మీ సంతకం పెట్టె అందిందనడానికి గుర్తు, అంతే. కానీ ఆ వెంటనే వచ్చే 42వ సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతుంది. వద్దని తెలియజేయకుండా తగినంత కాలం దాటేదాకా వస్తువును దగ్గరే ఉంచుకుంటే ఆమోదించినట్టే లెక్క. అందుకే పార్శిల్‌ను వారం రోజులు మూల పడేసి, తీరిక దొరికినప్పుడు విప్పే అలవాటు మానుకోవాలి. వచ్చిన రోజే విప్పండి.

పెట్టె విప్పేటప్పుడు

ఫోన్ ఇంకొకరి చేతికిచ్చి గానీ, దేనికైనా ఆనించి గానీ వీడియో మొదలుపెట్టండి. ముందు చిరునామా చీటీని, దాని మీది ఆర్డరు సంఖ్యను చదవగలిగేంత దగ్గరగా చూపించండి. తరువాత పెట్టె ఆరు వైపులా, సీలు ఎలా ఉందో తెలిసేలా. అక్కడినుంచి టేపు కోయడం, లోపల ఎలా సర్దారో చూపడం, వస్తువును బయటికి తీయడం అంతా ఆపకుండా ఒకే వీడియోలో ఉండాలి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే, ఆ విరామంలో మీరే పగలగొట్టారేమో అన్న వాదనకు చోటిచ్చినట్టవుతుంది.

దెబ్బ తగిలిన చోటును దూరం నుంచి ఒకటి, దగ్గరగా ఒకటి ఫొటో తీయండి. దూరపు ఫొటో అది ఏ వస్తువో చెబుతుంది, దగ్గరి ఫొటో దెబ్బ ఎంతో చెబుతుంది. పారదర్శకంగా ఉండే మిక్సీ జారు అడుగున వెంట్రుక మందాన పగులు ఉందనుకోండి, మామూలు ఫొటోలో అది కనిపించదు. జారు వెనుక నల్లటి గుడ్డ పరచి, పక్కనుంచి టార్చి వెలుగు వేయండి. పగులు తెల్లటి గీతలా మెరుస్తుంది. స్టీలు వస్తువు మీద సొట్ట కూడా ఎదురు వెలుగులో మాయమైపోతుంది, వాలు వెలుగులో నీడతో సహా కనిపిస్తుంది. వస్తువు మీది సీరియల్ నంబరును కూడా ఫొటో తీసి, బిల్లులో ఆ నంబరు ఉంటే పోల్చి చూసుకోండి.

విద్యుత్ పరికరం పాడైనట్టు కనిపిస్తే పనిచేస్తుందేమో చూద్దామని ప్లగ్గులో పెట్టకండి. ప్రాణానికే ప్రమాదం. పైగా ‘వాడి చూసి పాడుచేశారు’ అనే మాటకు ఊతమిచ్చినట్టవుతుంది. అట్టపెట్టె, థర్మోకోలు, బబుల్ షీటు, చిరునామా చీటీ ఏదీ చెత్తబుట్టలో వేయకండి. వ్యవహారం తేలేదాకా అవన్నీ సాక్ష్యాలే. ఫొటోల అసలు ఫైళ్లు ఫోనులో ఉంచుకుని, ఒక నకలు మీ మెయిల్‌కు పంపుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో స్పష్టత తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలూ ఊడిపోతాయి.

వీడియో తీయడం మరచిపోయారా? కంగారు పడకండి. ‘అన్‌బాక్సింగ్ వీడియో లేనిదే ఫిర్యాదు తీసుకోం’ అని కొందరు అమ్మకందారులు రాసిపెడుతున్నారు. వినియోగదారుల రక్షణ చట్టంలో గానీ, ఈ-కామర్స్ నియమాల్లో గానీ అలాంటి షరతు లేదు. వీడియో మంచి సాక్ష్యం, నిజమే. అది లేనంత మాత్రాన హక్కు చెల్లదనడం మాత్రం తప్పు. చితికిన పెట్టె, ఫొటోలు, అదే రోజు రాసిన ఫిర్యాదు కూడా సాక్ష్యాలే.

చట్టం ఇచ్చేది ఎంత, ఇవ్వనిది ఏది

1986 నాటి పాత చట్టం స్థానంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వచ్చింది. 2020 జులైలో అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్నవారు కూడా వినియోగదారులేనని ఇందులో స్పష్టంగా రాశారు. తిరిగి అమ్ముకోవడానికి కొన్నవారు మాత్రం దీని పరిధిలోకి రారు. అదే నెలలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల్లో మీకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఆరో నియమం. వస్తువు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన సమయం దాటి వచ్చినా దాన్ని వెనక్కి తీసుకోననడానికి, డబ్బు తిరిగి ఇవ్వననడానికి అమ్మకందారుకు వీల్లేదు. ఆలస్యం విషయంలో ప్రకృతి వైపరీత్యం వంటి, ఎవరి చేతుల్లోనూ లేని కారణాలకు మినహాయింపు ఉంది. సొంత సరుకు అమ్మే ఈ-కామర్స్ సంస్థలకూ ఏడో నియమం ఇదే బాధ్యత పెట్టింది.

లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని అసలు చట్టమే అంటుంది. బిల్లులో గడువేదీ రాయకపోతే 30 రోజులు లెక్క.

ఇక చట్టం ఇవ్వనిది. రంగు నచ్చలేదనో, మనసు మారిందనో వెనక్కి ఇచ్చే హక్కును ఈ నియమాలు కల్పించలేదు. అది పూర్తిగా ఆ సంస్థ విధానం. అందువల్ల ఫిర్యాదులో కారణం ఎంచుకునే చోట తొందరపడి ‘వద్దనుకున్నాను’ అని నొక్కకండి. ‘పాడైన వస్తువు అందింది’ అన్నదే ఎంచుకోండి. ఆ ఒక్క నొక్కుతో మీ వ్యవహారం హక్కు నుంచి వాళ్ల దయాదాక్షిణ్యాల మీదికి జారిపోగలదు.

ఫిర్యాదు రాయడం

మొదట యాప్‌లోనే ఫిర్యాదు నమోదు చేయండి. ఎందుకంటే వాళ్ల వ్యవస్థలో తేదీతో సహా నిలిచిపోయేది అదే. ప్రతి ఫిర్యాదుకూ ఒక సంఖ్య ఇవ్వాలని, దానితో పరిస్థితి తెలుసుకునే వీలు ఉండాలని నియమాలు చెబుతున్నాయి. ఆ సంఖ్యను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చాట్‌లో మాట్లాడితే మూసేయకముందే ఆ సంభాషణ మొత్తాన్నీ భద్రపరచండి. ఫోనులో మాట్లాడాల్సి వస్తే, పెట్టేసిన వెంటనే ‘ఈ రోజు 4 గంటలకు మీ ప్రతినిధి ఫలానా హామీ ఇచ్చారు’ అని ఒక మెయిల్ రాయండి. ఆ మాట అప్పుడు రాతలోకి వస్తుంది.

రెండు రోజుల్లో పని జరగకపోతే ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయండి. ప్రతి ఈ-కామర్స్ సంస్థా ఈ అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు తన వెబ్‌సైటులో ప్రదర్శించాలి. సాధారణంగా పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ‘గ్రీవెన్స్’ అనే లంకెలో ఉంటాయి. ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఉత్తరంలో కోపం వద్దు, వివరం కావాలి. ఇలా రాయవచ్చు:

‘ఆర్డరు సంఖ్య ఫలానా. రూ.3,499 చెల్లించి కొన్న మిక్సీ నిన్న సాయంత్రం నాకు అందింది. పెట్టె ఎడమ మూల చితికి ఉంది. లోపల పెద్ద జారుకు అడుగు నుంచి అంచుదాకా పగులు ఉంది. నాలుగు ఫొటోలు, పెట్టె విప్పిన వీడియో జతచేశాను. వస్తువును వాడలేదు. దీన్ని మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని, పూర్తి మొత్తాన్ని నేను చెల్లించిన ఖాతాకే జమ చేయగలరు. ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలని కోరుతున్నాను. యాప్‌లో నమోదు చేసిన ఫిర్యాదు సంఖ్య ఫలానా.’

డబ్బు కావాలో, మరో వస్తువు కావాలో ఒక్కటే తేల్చి అడగండి. ‘ఏదో ఒకటి చేయండి’ అంటే తమకు తేలికైనదే చేస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకకండి. మోసగాళ్లు తమ నంబర్లను పేరున్న సంస్థలవిగా అక్కడ పెట్టి కాచుకుని కూర్చుంటారు. రీఫండ్ పంపుతామంటూ యూపీఐ పిన్ కొట్టమంటారు, తెర పంచుకునే యాప్ వేసుకోమంటారు. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. నంబరు యాప్‌లో నుంచి, బిల్లు మీద నుంచి మాత్రమే తీసుకోండి. ఇప్పటికే మోసపోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

వాళ్లు చెప్పే సాకులకు జవాబులు

‘ఈ వస్తువుకు రిటర్న్ సదుపాయం లేదండీ’ అంటారు. ఆ షరతు మనసు మారినవారికి వర్తిస్తుంది. పాడైన వస్తువుకు ఆరో నియమం ఉంది. ఆ మాట రాతపూర్వకంగా చెప్పండి.

‘మేము వేదిక (అమ్మేవారినీ కొనేవారినీ కలిపే వెబ్‌సైటు) మాత్రమే, అమ్మింది వేరేవాళ్లు’ అన్నది తరచుగా వినిపించే మాట. అలాంటప్పుడు అమ్మకందారు పేరు, చిరునామా, సంప్రదించే వివరాలు అడగండి. వాటిని చూపించడం వేదిక బాధ్యత. ఫిర్యాదుల అధికారిని పెట్టి పరిష్కారం చూపాల్సిన బాధ్యత కూడా వేదికకు ఉంది. మీరు ఇద్దరికీ రాయండి. మున్ముందు కేసు దాకా వెళితే ఇద్దరినీ చేర్చండి. ఒకరి మీద ఒకరు నెట్టుకునే ఆట అప్పుడు మీ ముందు కాక వినియోగదారుల కమిషన్ ముందు ఆడుకోవాల్సి వస్తుంది.

కొరియర్ వాళ్లు పగలగొట్టారంటే, ఆ కొరియర్‌ను ఎంచుకున్నది మీరు కాదని గుర్తుచేయండి. వాళ్ల మధ్య లెక్కలు వాళ్లు తేల్చుకుంటారు. కంపెనీ సర్వీసు సెంటర్‌కు వెళ్లి బాగు చేయించుకోమన్నా ఒప్పుకోనవసరం లేదు. వారంటీ వాడుకలో వచ్చే లోపాల కోసం. మీకు వచ్చిందే పాడైన వస్తువు.

‘వాలెట్‌లో వేస్తాం’ అన్న మాటకు మాత్రం చాలామంది తేలిగ్గా తలూపేస్తారు. చెల్లింపు సంస్థలకు రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, కొనుగోలుదారు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప రీఫండ్ చెల్లించిన మార్గంలోనే వెనక్కి రావాలి. కూపన్లు, పాయింట్లు వద్దని ఒక్క వాక్యం రాస్తే చాలు. నగదు ఇచ్చి తీసుకుని ఉంటే బ్యాంకు ఖాతా వివరాలు యాప్‌లోనే నమోదు చేయండి, ఫోనులో ఎవరికీ చెప్పకండి.

యాప్‌లో రిటర్న్ గడువు దాటిందా? ఆ బటన్ కనబడకుండా పోతుంది గానీ, కమిషన్‌కు వెళ్లే హక్కు పోదు. అయినా గడువులోగా అడగడం మీకు ఎంతో బలం. ఆ ఆలస్యం చేయకండి.

వస్తువును తిరిగి తీసుకెళ్లడానికి మనిషి వచ్చినప్పుడు అప్పగించే ముందు మళ్లీ ఫొటోలు తీయండి, సీరియల్ నంబరుతో సహా. ఏదో ఒక రసీదు, కనీసం యాప్‌లో ‘తీసుకెళ్లారు’ అన్న సందేశం వచ్చేదాకా వస్తువు వదలకండి. ‘వేరే వస్తువు పంపారు’ అని వాళ్లే ఎదురు ఆరోపణ చేసే సందర్భాలు ఉంటాయి.

1915

నెల గడిచినా ఫలితం లేకపోతే, లేదా మధ్యలోనే వాళ్లు చేతులెత్తేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫోన్ చేయండి. నంబరు 1915, తెలుగులోనే మాట్లాడవచ్చు. కన్స్యూమర్‌హెల్ప్‌లైన్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే వెబ్‌సైటులోనూ, ఉమంగ్ యాప్‌లోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఈ కేంద్రం న్యాయస్థానం కాదు, తీర్పు ఇవ్వదు. మీ ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు అడుగుతుంది. అయినా వదిలేయకండి, అప్పటిదాకా పలకని సంస్థలు కూడా ప్రభుత్వం నుంచి ఫిర్యాదు వచ్చిందంటే కదులుతాయి.

కార్డుతో చెల్లించినవారికి ఇంకో దారి ఉంది. బ్యాంకుకు ‘పాడైన వస్తువు వచ్చింది, అమ్మకందారు డబ్బు ఇవ్వడం లేదు’ అని రాసి చార్జ్‌బ్యాక్, అంటే కార్డు చెల్లింపును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం, కోరవచ్చు. దానికి గడువు ఉంటుంది కాబట్టి సంస్థ కాలయాపన చేస్తోందని తోచగానే అడగండి.

జిల్లా కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే

‘మూడు వేల రూపాయల కోసం కోర్టుకెవరు వెళ్తారు’ అన్న ఆలోచన సహజం. కానీ ఈ దారి మీరనుకున్నంత కష్టమైనది కాదు. వస్తువుకు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల దాకా ఉంటే రుసుము ఏమీ లేదు. లాయరు తప్పనిసరి కాదు, మీ వాదన మీరే వినిపించుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటి, లేదా పనిచేసే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. సంస్థ కార్యాలయం ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్నా సరే. రూ.50 లక్షల దాకా చెల్లించిన వ్యవహారాలు జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తాయి.

ముందుగా నోటీసు ఇవ్వాలని చట్టం పట్టుబట్టదు. అయినా ‘15 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే కమిషన్‌ను ఆశ్రయిస్తాను’ అని అమ్మకందారుకూ, వేదికకూ స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపడం మంచిది. కొన్ని కేసులు ఆ ఉత్తరంతోనే ముగిసిపోతాయి.

ఫిర్యాదును వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం నడిపే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. జరిగింది తేదీల వరుసలో రాయండి. చివర మీరు కోరేది విడివిడిగా చెప్పండి: ధర, దాని మీద వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు. బిల్లు, చెల్లింపు రుజువు, ఫొటోలు, మెయిళ్లు, చాట్ నకళ్లు, 1915 ఫిర్యాదు సంఖ్య జతచేయండి. ఇవన్నీ నిజమని చెప్పే ప్రమాణ పత్రం కూడా ఉండాలి. కమిషన్ ప్రధానంగా ప్రమాణ పత్రాలు, దస్తావేజుల ఆధారంగానే విచారిస్తుంది. మొదటి రోజు తీసిన ఫొటోల విలువ తెలిసేది ఇక్కడే. వీడియో ద్వారా విచారణకు హాజరవుతానని కోరే వీలు కూడా ఉంది.

కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. ఫిర్యాదును స్వీకరించాలా వద్దా అన్నది 21 రోజుల్లో తేల్చకపోతే స్వీకరించినట్టే లెక్క. నోటీసు అందాక ఎదుటి పక్షానికి జవాబు ఇచ్చేందుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15 రోజులు. ఆ 45 రోజులు దాటితే గడువు పెంచే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. వస్తువును ప్రయోగశాలలో పరీక్షించనక్కర్లేని కేసును మూడు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతుంది. వాస్తవంలో అంతకన్నా ఎక్కువ సమయం పట్టవచ్చు, ఓపిక పట్టండి. మధ్యవర్తిత్వానికి పంపితే వెళ్లండి, చిన్న మొత్తాల వ్యవహారం అక్కడ త్వరగా తేలుతుంది. కాకపోతే రాజీ పత్రంలో ఎంత మొత్తం, ఏ తేదీలోగా అన్నది రాయించుకోకుండా సంతకం చేయకండి.

ఉత్తర్వు మీకు అనుకూలంగా వచ్చాక దాని ధ్రువీకృత ప్రతి తీసుకోండి. ఎదుటి పక్షం రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయాలంటే 45 రోజుల్లో చేయాలి, ఉత్తర్వులోని మొత్తంలో సగం ముందుగా జమ చేయాలి. అప్పీలూ చేయకుండా, డబ్బూ చెల్లించకుండా ఊరుకుంటే అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. ఉత్తర్వు పాటించనివారికి 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా రూ.25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.